గిద్దలూరు మామ కడిగిన ఫిల్ము

ఇప్పుడు ఫోటోలు తీసేవాళ్ళకు చీకటిగదితో పనే లేదు. రోలు తీసి కవర్లో పెట్టి గుంటూరు ల్యాబుకు పంపిస్తారు, బస్సులో రంగు ఫోటోలు తిరిగొస్తాయి. బాగుంది, కాదనను. మందు నీళ్ళలో నాని నాని నా గోళ్ళు నల్లబడిపోయాయి, మీ గోళ్ళు తెల్లగా ఉన్నాయి, సంతోషం. అయితే ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరంతా నన్ను ఒకటే అడుగుతారు: "తాతా, నీ సర్వీసులో మరిచిపోలేని ఫోటో ఏది?" అని. మరిచిపోలేనిది ఒకటుంది. అది నేను తీసింది కాదు. అది ఫోటో అయ్యిందీ లేదు. ఆ సంగతే చెప్తాను.

మాది మార్కాపురం. అప్పటికి మేము కర్నూలు జిల్లా కింద, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. తెల్లవాళ్ళ పాలన. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. బజారు వీధి చివర నాకొక స్టూడియో ఉండేది. పలకల గనుల యజమానులు, తాలూకా కచేరీ గుమాస్తాలు, సంతకొచ్చి పనిలో పనిగా ఫోటో దిగిపోయే గొర్రెల కాపరులు నా గిరాకీ. నాకు పని నేర్పింది గిద్దలూరులో రైలుస్టేషను ఎదురుగా స్టూడియో నడిపే ఒక సాయిబు. ఆయనా నేనూ ఏ వరసా కాము. అయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. ఆ పిలుపులు మాకు బతికినన్నాళ్ళూ ఉండిపోయాయి.

మామ నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. కెమెరా ముందు కూర్చున్న మనిషి కాస్త కదిలితే చాలు, "కదులు నాయనా, కదులు. రెండు ముక్కులొస్తాయి. రెండింటికీ పొడుం నువ్వే కొనుక్కో" అనేవాడు. గార్డులు, డ్రైవర్లు, ఆఖరికి ఇన్‌స్పెక్టరయినా సరే, మామ ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవాల్సిందే.

అప్పట్లో మా పనంతా గాజుప్లేట్ల మీద. ప్లేటును చీకటిగదిలోకి తీసుకుపోయి, ఎర్రగాజు చిమ్నీ ఉన్న దీపం పెట్టుకుని, తొట్టిలో మందు పోసి కడిగేవాళ్ళం. ఆ గాజుప్లేట్లకు ఎరుపు కనిపించదు, అందుకని ఎర్రదీపం ఎంతసేపు వెలిగినా వాటికేం కాదు. తొట్టిని అటూ ఇటూ ఊపుతుంటే మెల్లగా మనిషి తేలేవాడు. ఎంత తేలాడో కంటితో చూసి, ఇక చాలనుకున్నప్పుడు తీసేయడమే విద్య. మామ తొట్టి మీదకు వంగి, "రా తల్లీ, రా, సిగ్గుపడొద్దు" అని ప్లేటుతో మాట్లాడేవాడు.

ఆయన నేర్పిన ఇంకో విద్య కూడా చెప్పాలి. ప్లేటు చెడిపోతే ఆ సంగతి గిరాకీకి ఎప్పుడూ చెప్పకూడదు. "బ్రహ్మాండంగా వచ్చింది. ఎందుకైనా మంచిది, ఇంకోటి తీసుకుందాం" అనాలి. నేను మొదట్లో ఇదేం అబద్ధం మామా అంటే ఆయన నా మీద కసురుకున్నాడు.

"చెడిపోయిందని చెప్తే వాడు మొఖం మాడ్చుకుంటాడు. రెండోసారి ఆ మాడు మొఖమే దిగుతది. అప్పుడు చెడిపోయేది ప్లేటు గాదు, ఫోటో."

మామ భార్యను నేను అత్తా అనేవాణ్ణి. ఆ ఇంట్లో అన్నం ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు గానీ ఆమె ముఖం చూసి ఎరగను. ఘోషా పాటించే ఇల్లు. స్టూడియోకూ ఇంటికీ మధ్య ఒక పరదా ఉండేది. దాని అవతల నుంచి ఆమె మాట వినిపించేది, గాజుల చెయ్యి ఒకటి టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చేది. ఆమెది కంభం దగ్గర పల్లె, అందుకని ఇంట్లో ఇద్దరూ తెలుగే ఎక్కువ మాట్లాడేవాళ్ళు. పరదా వెనక నుంచి ఆమె మామను ఆటపట్టించేది, నన్నూ వదిలేది కాదు. పిల్లలు లేరు.

ఆమెకు గుండె బలహీనం. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించుకొచ్చాక మామకు ఒకటే దిగులు పట్టుకుంది, ఆమె ఫోటో ఒకటి తీసుకోవాలని. ఆమె ఒప్పుకునేది కాదు. అడ్డొచ్చింది ఘోషా కాదు. తీసేదీ కడిగేదీ కట్టుకున్నవాడే కదా. అడ్డొచ్చింది రంగు.

"మీ మామ తీసిన ఫోటోల్లో నాయట్ల చామనఛాయోళ్ళంతా బొగ్గుల బట్టీలో నుంచి లేచొచ్చినట్లుంటారు అల్లుడూ. నేనట్ల దిగను. నేను పోయినాక ఆ బొగ్గును చూసుకోని ఏడుస్తాడా ఏంది?"

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఎరుపు కనిపించని ప్లేటుకు మన ఒంటి రంగులోని ఎరుపూ కనిపించదు. కుంకుమ నల్లగా, పెదవి నల్లగా, మనిషి మొత్తం ఉన్నదానికంటే నల్లగా దిగేవాడు. మేము ముఖానికి పౌడరు దట్టించి ఏదో సర్దుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో మాకు ప్లేట్లు అమ్మే కంపెనీ ఏజెంటు ఒక కబురు తెచ్చాడు. గాజు బదులు కొత్తరకం ఫిల్ము వస్తోంది, అన్ని రంగులూ దానికి కనిపిస్తాయి, దాన్ని వాడే పద్ధతిని మద్రాసులో కంపెనీవాళ్ళే చేతులు పట్టి నేర్పిస్తున్నారు, పనిలో ఉన్న ఫోటోగ్రాఫర్లు ఎవరైనా రావచ్చు అని. నేను ఎగిరి గంతేశాను. అప్పటికి నాకు కొత్తదంటే చాలు, కాళ్ళు నిలవవు. మామను కూడా రమ్మన్నాను.

"గడ్డం నెరిసినాక నన్ను బడికి పొమ్మంటావా? నువ్వు పోయిరా. వచ్చి నాకు చెప్పు."

నేను వదల్లేదు. గిద్దలూరు పోయి ఆయన ఇంట్లో తిష్ట వేశాను. పరదా వెనక నుంచి అత్త కూడా "పోయి రాపో, పట్నం చూసినట్లుంటది" అన్నది. చివరికి నా పోరు పడలేక బయల్దేరాడు. గుంటూరు చేరి, తెనాలిలో మెయిలెక్కాం. దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆ రోజు ఆయన మాట విని నేనొక్కణ్ణే పోయి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత అనుకోని రోజు లేదు.

మద్రాసులో మమ్మల్ని ఒక మేడ మీద కూర్చోబెట్టారు. నెల్లూరు, నంద్యాల, సేలం, మధుర, అన్ని ఊళ్ళ నుంచీ వచ్చారు. అందరూ ఎవరి ఊళ్ళో వాళ్ళు పులులు, ఇక్కడ మాత్రం బెంచీల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేర్పించేది సూటు వేసుకున్న ఒక తమిళాయన. ఇంగ్లీషులో చెప్పేవాడు, పక్కన ఇంకొకాయన తెలుగులో చెప్పేవాడు. మొదటిరోజే ఆయన రెండు ఫోటోలు చూపించాడు. ఒకే మనిషి, ఒకే వెలుతురు. ఒకటి ప్లేటు మీద తీసింది, ఇంకోటి కొత్త ఫిల్ము మీద. మొదటిదాంట్లో ఆమె కారునలుపు. రెండోదాంట్లో ఎదురుగా కూర్చున్నట్లే ఉంది, చక్కని చామనఛాయ.

మామ ఆ రెండో ఫోటో అడిగి తీసుకుని కిటికీ దగ్గరకు పోయాడు. ఎంతసేపటికీ తిరిగి రాకపోతే నేను పోయి చూశాను.

"అల్లుడూ, ఇది మీ అత్త రంగే రా," అన్నాడు.

అప్పటిదాకా మొక్కుబడిగా కూర్చున్న మనిషి ఆ తర్వాత ఒక్క మాట జారవిడవకుండా విన్నాడు. అయితే ఆ ఫిల్ముతో ఒక తంటా ఉంది. ఎరుపు కనిపించే ఫిల్ముకు ఎర్రదీపం పనికిరాదు. కటిక చీకట్లో కడగాలి. ఫిల్ముకు మందు పూసిన పక్క ఎటుందో దాని మూలనున్న చిన్న గంటును వేలితో తడిమి తెలుసుకోవాలి. మందు ఎంత వెచ్చగా ఉందో చూసుకుని, దాన్నిబట్టి ఎంతసేపు ఉంచాలో గడియారానికి అప్పగించాలి. అది గంట కొడితే తీయాలి. కంటికి పనే లేదు.

మమ్మల్ని చీకటిగదిలో వదిలినప్పుడు చూడాలి మా వైభవం. ఇంతమంది ఆరితేరిన వాళ్ళం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ, ఒకరి తొట్టిలో ఒకరు చేతులు పెట్టుకుంటూ అవస్థ పడ్డాం. అలవాటు కొద్దీ అందరి చేతులూ ఎడమ పక్కన గోడకు పోతున్నాయి, దీపం కోసం. నంద్యాల నుంచి వచ్చినాయన ఆ ఒత్తిడికి తట్టుకోలేక, ఏమరుపాటున బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. ఆ ఒక్క పుల్ల వెలుగు తగిలి అందరి ఫిల్ములూ నల్లబడిపోయాయి. ఆయన్ను ఎన్ని భాషల్లో తిట్టారో!

మామ మాత్రం తిట్టలేదు. ఆయన బాధ వేరు. "అయ్యా, చూడకుండా ఎట్ల తెలుస్తది, వచ్చిందో రాలేదో?" అని అడిగాడు.

"గడియారం చెప్తుంది," అన్నాడు నేర్పించేవాడు, తెలుగాయన చేత.

"గడియారానికి కండ్లుండాయా?"

అందరూ నవ్వారు. సూటాయన కూడా నవ్వాడు. మామ నవ్వలేదు. కానీ మర్నాడు మళ్ళీ కడిగినప్పుడు అందరికంటే బాగా వచ్చింది మామ ఫిల్మే. సూటాయన దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. వచ్చేటప్పుడు తలా ఒక ఫిల్ము పెట్టె ఇచ్చారు. మామ ఆ రెండో ఫోటోను కూడా బతిమాలి తెచ్చుకున్నాడు, అత్తకు చూపించడానికి.

ఈ సంగతి ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, మామకు తెలియక జరిగిందని మీరు అనుకోకూడదు. ఆయనకు తెలుసు. నాకంటే బాగా తెలుసు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున మా స్టూడియో ముందు జట్కా ఆగింది. మామ దిగాడు. కబురు లేకుండా ఎప్పుడూ రాని మనిషి. లోపలికొచ్చి, సంచిలోంచి ఒక ఫిల్ము తీసి నా చేతిలో పెట్టాడు.

"దీన్నుంచి ఏమన్నా అచ్చు దిగుతదేమో చూడు."

కిటికీకి పెట్టి చూశాను. మొత్తం నలుపు, ఈ మూల నుంచి ఆ మూలకు. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. అందులో ఏమీ లేదు.

"ఎవరిది మామా?"

"మీ అత్తది."

మద్రాసు నుంచి తెచ్చిన ఫోటో చూసి అత్త ఒప్పుకుందట. పెళ్ళినాటి కమ్మలు పెట్టుకుని, పెరట్లో గోడ పక్కన పొద్దుటి నీడలో కూర్చుందట. ఒకటి తీయగానే ఆయాసమొస్తాంది చాలయ్యా అని లేచిపోయిందట. మామ చీకటిగదిలోకి పోయి తలుపేసుకున్నాడు. పోయి, ఎర్రదీపం వెలిగించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలిసి తెలిసి దీపమెందుకు వెలిగించినావు మామా? నీకేమన్నా మతి పోయిందా?"

ఆయన దానికి జవాబు చెప్పలేదు. తర్వాత ఏమైందో చెప్పాడు. ఆయన బయటికి రాగానే అత్త పరదా అవతల నుంచి, వచ్చిందా, అని అడిగిందట. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతట అదే అనేసింది: "బ్రహ్మాండంగా వచ్చింది."

"అదయినా సరిగా అంటివా? ఎందుకైనా మంచిది ఇంకోటి తీసుకుందామని అనాల్సింది గదా!"

"నోరు రాలే అల్లుడూ. తెల్లంగ వచ్చినానా అని అడిగింది. అవునన్నా. ఆ పొద్దంతా ఇంట్లో పాట పాడుకుంటా తిరిగింది. ఇప్పుడేమని అడిగేది?"

నేనే ధైర్యం చెప్పాను. పెట్టెలో ఇంకా ఫిల్ములున్నాయి. ఇద్దరం పోదాం. ఇంకోటి తీయి. కడిగేటప్పుడు నేను చీకటిగది తలుపు బయట గడియారం పట్టుకుని నిలబడతాను, నువ్వు లోపల చీకట్లో కడుగు, గంట నేను కొడతాను. లోపల దీపం, చిమ్నీ, అగ్గిపెట్టె ఏవీ లేకుండా ముందే తీసి బయట పడేద్దాం. మామ చిన్నపిల్లవాడిలా తలూపాడు. ఆ రైలుకే బయల్దేరాం.

మేము గిద్దలూరు చేరేసరికి అత్త మంచం మీద ఉంది. రెండు రోజుల్లోనే జబ్బు ముదిరింది. కాళ్ళకు, ముఖానికి నీరొచ్చిందని పక్కింటామె చెప్పింది. నేను స్టూడియోలో బల్ల మీద కూర్చున్నాను. మామ కెమెరా భుజాన పెట్టుకుని పరదా దాటి లోపలికి పోయాడు. మధ్యన గుడ్డ ఒక్కటే కదా, ప్రతి మాటా వినిపించింది.

"ఎందుకైనా మంచిది, ఇంకోటి తీసుకుందాం," అన్నాడు మామ.

అత్త నవ్వింది. నవ్వుకే ఆయాసం వచ్చి కాసేపు ఆగింది. "ఈ మాట ఈ పరదా వెనక నుంచి ఎన్నేండ్లుగ వింటాండా నేను! గిరాకీలకు చెప్పేది నాకు చెప్తాండావా? నిజం చెప్పు. అది చెడిపోయిందా?"

చెప్పు మామా, చెప్పేసెయ్, అని లోలోపల అరుస్తున్నాను. ఆమె అడిగింది. తానే దారి ఇచ్చింది. ఒక్క మాట అంటే చాలు.

"చెడిపోలే," అన్నాడు మామ. "బాగొచ్చింది."

"అయితే ఇంకోటి ఎందుకు? మొఖం చూడు, ఎట్ల వాచిందో. ఆ పొద్దు మొఖమే ఉండనీయ్. నాకు అది చాలు. నేను పోయినాక నువ్వు దాన్నే చూసుకో."

తర్వాత ఆమె కొంచెం గొంతు పెంచి నన్ను పిలిచింది. "అల్లుడూ, వచ్చినావా? నువ్వు చూసినావా ఆ ఫోటో?"

"లేదత్తా. మామ నాకు చూపించలే."

"చూపించకూడదులే," అంది. ఆ గొంతులో ఎంత తృప్తి! "కాగితం మీదికి దిగినాక నాకు ఒకసారి చూపీమను మీ మామను. అచ్చేసే కాగితం మద్రాసు నుంచి రావాలంటాండాడు."

మామ కెమెరాతో బయటికొచ్చాడు. ఫిల్ము వాడలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కుపోయాను. స్టేషను ముందు రైళ్ళ కోసం కూర్చున్న జనం చూస్తున్నారని కూడా లేకుండా అరిచాను. "ఇప్పుడే పోయి చెప్పు. చెడిపోయిందని చెప్పు. వాచిన మొఖమైతే ఏంది? ఒక పక్క నుంచి తీద్దువు, తలుపు నీడలో తీద్దువు. ఏదో ఒకటి ఉండాల గదా!"

"బతుకులో మొదటిసారి తన మొఖం తనకు బాగుందనుకుంటాందిరా," అన్నాడు మామ. "అది చెడిపోయిందని నా నోటితో చెప్పమంటావా? ఆ మురిపెమన్నా ఉండనీ."

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఇన్నేళ్ళూ ఎంతమందినో కసిరి కూర్చోబెట్టిన మనిషి. సాయంత్రం బండికి మార్కాపురం వచ్చేశాను.

వానలు పడకముందే అత్త పోయింది. చివరిదాకా మద్రాసు కాగితం వచ్చిందా అని అడుగుతూనే ఉందని తర్వాత తెలిసింది.

నలభై రోజుల తంతు అయ్యాక మామను చూడ్డానికి పోయాను. స్టూడియో తలుపు తీసే ఉంది గానీ గిరాకీని పంపించేస్తున్నాడు. పరదా తీసేశాడు. ఇల్లంతా ఇవతలకే కనిపిస్తోంది. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. నా మనసులో పేరుకుపోయినదంతా ఆ రోజు కక్కేశాను.

"నిన్ను మద్రాసుకు నేనే లాక్కపోయినా మామా. నా పోరు లేకుంటే నువ్వు నీ గాజుప్లేటు మీదే తీసేవాడివి. నల్లంగానన్నా ఉండేది. అత్త ఉండేది."

"నల్లంగ దిగుతానంటే అది కూర్చుంటదా?" అన్నాడు. అది నన్ను ఓదార్చడానికి అన్నాడు, నాకు తెలుసు. ప్లేట్ల రోజుల్లో కూడా ఏదో ఒక పండగ పూట ఆమె మెత్తబడేది. ఎప్పటికైనా మెత్తబడేదనే నా నమ్మకం.

నేను అడగకూడనిది అడిగాను. "దీపమెందుకు వెలిగించినావు మామా?"

ఈసారి చెప్పాడు.

"నువ్వు చెప్పు. ఊరందరి మొఖాలు ఆ తొట్టిలో వస్తాంటే చూసినా. గార్డు మొఖం చూసినా, గొర్రెలోడి మొఖం చూసినా. ఇంతకాలానికి దాని మొఖం వస్తాంటే, నేను కండ్లు మూసుకోని గడియారం వినుకుంటా కూర్చోవాల్నా? ఒక్క నిమిషం చూసి ఆర్పేద్దామనుకున్నా. ఒత్తి బాగా తగ్గించే పెట్టినా. ముందు నుదురొచ్చింది. తర్వాత కమ్మలు. తర్వాత మొఖమంతా వచ్చింది అల్లుడూ, చక్కంగ వచ్చింది. ఆర్పబుద్ధి కాలే. చూస్తాండంగనే అంచుల నుంచి నలుపు కమ్ముకోని వచ్చింది. రెండు చేతులూ అడ్డం పెట్టినా."

ఆయన ఆ చేతులు నాకు చూపించాడు, తొట్టి మీద ఎట్లా అడ్డం పెట్టాడో.

"ఎట్లుండె మామా?" అన్నాను.

"నవ్వుతాండె," అన్నాడు.

ఆయనా పోయి చాలా ఏళ్ళయింది. ఆ నిమిషం ఆయనకు దక్కిందని సంతోషించమని నా మనసుకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అది వినదు. దానికి ఆ ఫోటోనే కావాలి. ఆ ఇంట్లో అన్ని పూటలు తిన్నాను, అత్త ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు.